బట్టలు ఆరలేదని అరిచిన రోజులు

చెత్త లారీని ఆపడానికి అరిచిన ఒక్క అరుపు వల్ల నేను పంక్ బ్యాండులో చేరాను.

అప్పుడు మేం ఆక్లండ్‌లో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఒక పాత చెక్క ఇంట్లో ముందు భాగంలో అద్దెకుండేవాళ్లం. వెనక భాగం ఇంకో ఫ్లాట్. రెండు వాటాలకూ కలిపి డ్రైవ్‌వే ఒకటే, గరాజ్ ఒకటే, పెరట్లో బట్టలారేసుకునే తీగలూ ఒకటే. మా ఆయనా నేనూ ఇద్దరం కంప్యూటర్ ఉద్యోగాల మీద వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఇద్దరం ఊళ్లో బస్సు దిగి చెరో ఆఫీసుకు పోయి, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం.

ఆ ఉదయం చెత్త డబ్బా రోడ్డు పక్కన పెట్టడం మర్చిపోయాం. అంతకుముందు వారం కూడా మర్చిపోయాం కాబట్టి దాని మూత పడడం లేదు. నేను తలస్నానం చేసి వచ్చేసరికి లారీ మా ఇల్లు దాటి మలుపు దాకా వెళ్లిపోయింది. ఒక కాలికే చెప్పుతో, తడి జుట్టుతో, డబ్బాను ఈడ్చుకుంటూ రోడ్డు మీద పడ్డాను. ఇంగ్లీషనే భాష ఒకటుందని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"ఆగూ! ఆగవయ్యా బాబూ, ఆగూ!"

లారీ ఆగింది. ఎదురింట్లో గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్న పెద్దాయన చేతిలోంచి కత్తెర జారిపోయింది. లారీ డ్రైవరు వెనక్కి వచ్చి, చక్రాల కింద ఎవరైనా పడ్డారేమోనని వంగి చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక నా డబ్బా ఎత్తి ఖాళీ చేసి వెళ్లాడు.

నా గొంతు పుట్టుకతోనే పెద్దది. పెరిగిన చోటు దాన్ని ఇంకా పెంచింది. కాకినాడ దగ్గర మా ఇంటిని ఆనుకునే రైస్ మిల్లు. పొద్దుట మొదలైతే చీకటి పడేదాకా ఆగని మోత. ఉప్పందుకోమన్నా, పుస్తకం తెమ్మన్నా మా ఇంట్లో అందరం అరిచే చెప్పుకునేవాళ్లం. మిల్లుకు సెలవు రోజైనా ఆ అలవాటు పోయేది కాదు, చుట్టాలొస్తే కొట్టుకుంటున్నామనుకునేవారు. ఆక్లండ్ ఆఫీసులో మాత్రం అందరూ గుసగుసల్లో మాట్లాడతారు. చేరిన కొత్తలో నేను ఫోన్లో మాట్లాడుతుంటే ఒకావిడ మంచినీళ్లు తెచ్చిపెట్టి, అంతా క్షేమమేనా అని అడిగింది. అప్పట్నుంచి గొంతు నొక్కుకుని బతకడం నేర్చుకున్నాను.

ఖాళీ డబ్బాతో వెనక్కి వస్తుంటే డ్రైవ్‌వేలో వెనక ఫ్లాటువాళ్లు ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముగ్గురికీ పాతికేళ్లలోపే. ఒకడు బేకరీలో పనిచేసే తెల్లబ్బాయి, పొడుగ్గా ఉంటాడు, చెవులకు పిండి అంటుకుని ఉంటుంది. ఒకమ్మాయి ఆ దేశపు మూలవాసులైన మావోరీల పిల్ల, చిన్నపిల్లల బడిలో టీచరు. మూడోవాడు ఫిజీ నుంచి వచ్చిన మనవాడు, ఆక్లండ్‌లోనే పాపటోయిటోయి అనే పేటలో పెరిగి ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్లో పనిచేసేవాడు. వాళ్లకో బ్యాండు ఉందని తెలుసు. వారం వారం గరాజ్‌లోంచి మోత వినిపించేది. వాళ్ల పాటగాడు ఆస్ట్రేలియా వెళ్లిపోయాడనీ, అందుకే ఈమధ్య గరాజ్ చల్లబడిందనీ మాత్రం తెలీదు.

"ఆంటీ, అది ఇంకోసారి చేయగలరా?" అని అడిగింది టీచరమ్మాయి. మావోరీవాళ్లు కూడా కాస్త పెద్దవాళ్లందర్నీ ఆంటీ అంటారని అప్పుడే తెలిసింది. నాకింకా ముప్పై నిండలేదు.

"ఏది?"

"ఆ అరుపు."

నేను క్షమించమన్నాను, ఇకపై మెల్లగా మాట్లాడతానన్నాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మెల్లగానా? వద్దు దీదీ, వద్దు," అన్నాడు ఫిజీ అబ్బాయి. "శనివారం మధ్యాహ్నం గరాజ్‌కి రండి. ఒక్కసారి. నచ్చకపోతే వెళ్లిపోదురు గానీ."

శనివారం నేను వెళ్లింది కేవలం కుతూహలం కొద్దీ. చేతిలో పకోడీల గిన్నె కూడా ఉంది, పొరుగువాళ్ల ఇంటికి ఊరికే ఎలా వెళ్తాం? గరాజ్ గోడలకు పాత తివాచీలు కొట్టి ఉన్నాయి. పెట్రోలు వాసన, చెమ్మ వాసన. బేకరీ అబ్బాయి గిటారు, ఫిజీ అబ్బాయి బేస్ గిటారు, టీచరమ్మాయి డ్రమ్ములు. వాళ్లు వాయించేదాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారని చెప్పారు. పాట చాలా వేగంగా ఉంటుంది, చాలా చిన్నది, పాడనక్కర్లేదు, అరవాలి. నాకు చూపించడానికని ఒకటి వాయించారు. పల్లవి అయి చరణం ఎప్పుడొస్తుందా అని నేను చూస్తుంటే, అయిపోయిందన్నారు.

"నాకు పాటలు రావు," అన్నాను.

"పాట అక్కర్లేదు. మీకు దేని మీద కోపంగా ఉంది?" అన్నాడు బేకరీ అబ్బాయి.

కోపమా? ఉద్యోగం బాగానే ఉంది, మొగుడు మంచివాడు. ఆలోచిస్తుంటే గరాజ్ తలుపులోంచి పెరట్లో తీగలు కనిపించాయి. వాటి మీద నా చుడీదార్లు, దుప్పట్లు, మా ఆయన చొక్కాలు. సోమవారం ఆరేసినవి. ఆ దేశపు చలికాలంలో ఎండ కాస్తుంది, వెంటనే వాన పడుతుంది, మళ్లీ ఎండ నవ్వుతుంది, బట్టలు లోపల వేసేలోపు మళ్లీ వాన. ఆఫీసుకు తడి చుడీదార్ వేసుకుని, బస్సు హీటరు దగ్గర నిలబడి ఆరబెట్టుకున్న రోజులున్నాయి.

"బట్టలు ఆరలేదు," అన్నాను తెలుగులో.

"సరిపోతుంది," అన్నాడు, అర్థమేమిటో అడక్కుండానే.

టీచరమ్మాయి కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టింది. ముగ్గురూ ఒక్కసారి అందుకున్నారు. ఆ మోతకు నా గుండె అదిరింది గానీ మనసు అదరలేదు. అది నాకు తెలిసిన మోతే. యంత్రం పక్కన నిలబడి దానికి పైన వినిపించేలా ఎలా పిలవాలో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మైకు రెండు చేతులతో పట్టుకుని, "బట్టలు ఆరలేదు! బట్టలు ఆరలేదు!" అని అరిచాను. ఏడాది పైగా నొక్కిపెట్టిందంతా పొట్టలోంచి లేచి వచ్చింది. పాట ఆగాక నా అరుపొక్కటే కాసేపు సాగి ఆగింది. ఆయాసం వచ్చింది, నవ్వు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఎందుకో తెలీదు. టీచరమ్మాయి డ్రమ్ముల వెనక నుంచి లేచి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. బేకరీ అబ్బాయి పకోడీ నోట్లో పెట్టుకుని, "పేరేంటి?" అన్నాడు. నా పేరు చెప్పాను. అతను అడిగింది పకోడీ పేరట.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు. నేను పది మాటలంటే ఒకటంటాడు. అన్నం కలుపుకుంటూ, "నువ్వు అరుస్తావు, సరే. వాళ్లు వింటారా?" అన్నాడు.

"అదే పని మీద వింటారట."

"మంచిదే. ఇంట్లో నాకూ కొంచెం తెరిపి," అని నవ్వాడు.

తర్వాతి శనివారం ఆయన కూడా వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన చూపు మాత్రం నా మీద లేదు, కింద చిక్కుపడి ఉన్న వైర్ల మీద ఉంది. నెట్‌వర్క్ ఇంజనీరు కదా, అలాంటి చిక్కు చూసి ఊరుకోలేడు. పాట మధ్యలోనే ముందుకు వంగి, తెగబోతున్న ఒక వైరును పట్టుకుని లోపలికి తీసుకెళ్లి అతికించి తెచ్చాడు. ఆ రోజు నుంచి బ్యాండులో ఐదోవాడు మా ఆయన. మా పాత స్టేషన్ వ్యాగన్ కారులో డ్రమ్ములెక్కించడం ఆయన పని. ఏది ముందు పెట్టి ఏది తర్వాత పెడితే తలుపు పడుతుందో ఆయనకొక్కడికే తెలుసు.

బ్యాండు పేరు ఇక్కడ రాయను. అది ఇంగ్లీషులో ఒక బూతుమాట. నేను చేరకముందే పెట్టేశారు. ఎవరైనా అడిగితే మా ఆయన "వాళ్లింకా పేరు పెట్టుకోలేదండీ" అనేవాడు.

పాటలు ఒక్కొక్కటే తయారయ్యాయి. అన్నీ తెలుగే, అన్నీ నా రోజువారీ గోడే. బస్సు రాక రాక రెండు కలిసి రావడం మీద ఒకటి, కూరలో ఉప్పు తగలకపోవడం మీద ఒకటి, 'గొంతు తగ్గించు' అని ఇంకొకటి. అది అన్నిటికన్నా బిగ్గరగా అరిచేదాన్ని. ఏది చెప్పినా ముగ్గురూ చాలా శ్రద్ధగా విని తలూపేవారు, ఉప్పు గురించి కూడా.

నా బెంగంతా మనవాళ్ల గురించే. ఆక్లండ్‌లో అప్పట్లో తెలుగు కుటుంబాలు తక్కువ, ఏ ఇంట్లో ఏ కూర వండారో మిగతావాళ్లకు తెలిసిపోయేది. మా మొదటి ప్రదర్శనకని టీచరమ్మాయి కాగితాలు జిరాక్సు తీసి శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్లు సరుకులు కొనుక్కునే వీధి గోడలన్నిటికీ అంటించింది. దాని మీద బొమ్మ నాదే. నోరు పూర్తిగా తెరిచి ఉంది, కొండనాలుకతో సహా కనిపిస్తోంది. ఆ ఆదివారం ఒక ఆంటీ గారింట్లో పదిమందిమి భోజనాలకు కలిశాం. ఆవిడ గారెలు వడ్డిస్తూ అందరి ముందూ అడిగేసింది:

"అమ్మాయ్, కొట్టు పక్క గోడ మీద నీ ఫోటో చూశానే. పళ్ల డాక్టరు దగ్గర తీయించుకున్నావా?"

దాచడం నావల్ల కాలేదు. చెప్పేశాను. ఒకరిద్దరు గారె పక్కన పెట్టి నా వైపు తిరిగారు. చివరికి ఆవిడే, "ఇంతకీ ఏం పాడతావ్?" అంది.

"బట్టలు ఆరలేదని అరుస్తానండీ."

మరుక్షణం గది గదంతా లేచింది. ఒకావిడ పంచలో తీగ కట్టుకున్నానంది, ఇంకొకావిడ మొగుడి చొక్కాలు మైక్రోవేవ్‌లో పెట్టి కాల్చేశానంది, మా ఆంటీ గారైతే దుప్పటి వాసన గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చింది. ఆ దేశం వచ్చాక మేమందరం ఒకే విషయం మీద అంత ఏకగ్రీవంగా మాట్లాడుకోవడం అదే మొదలు. "ఏదీ, ఒకసారి అను," అన్నారు. అన్నాను. పక్క గదిలో పడుకున్న పసివాడు లేచి ఏడ్చాడు. ఆంటీ వాణ్ని ఎత్తుకుని ఊపుతూనే, "బాగా అన్నావే. ఇంకోసారి అను," అంది.

మొదటి ప్రదర్శన హెండర్సన్‌లో, స్కౌట్ పిల్లలు వాడుకునే ఒక రేకుల హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. వేదిక లేదు. ఈ సంగీతంలో వేదికలుండవనీ, పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకే నేల మీద నిలబడతారనీ అప్పటికి నేర్చుకున్నాను. కుర్రకారు వచ్చారు. నెత్తిమీద రంగు రంగుల జుట్టు, చొక్కాలకు పిన్నీసులు, చేతుల్లో కూల్‌డ్రింకులు. నేను నూలు చుడీదార్, పరుగు బూట్లు వేసుకున్నాను. చున్నీ నడుముకు కట్టుకున్నాను.

డ్రమ్ముల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తెల్ల చీర, ఒళ్లో చేతిసంచి, చెవుల్లో దూది. ఫిజీ అబ్బాయి నాయనమ్మ. వాళ్ల ఇంట్లోవాళ్లు పెళ్లికెళ్లారు, ఆమెను ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చాడు. ఆజీ అని పిలిచేవాడు. "మా ఆజీకి ఇది నచ్చదు దీదీ, పట్టించుకోకండి," అన్నాడు.

టీచరమ్మాయి నాలుగు లెక్కపెట్టింది. నేను కళ్లు మూసుకుని అరిచాను. "బట్టలు ఆరలేదు! బట్టలు ఆరలేదు!" కళ్లు తెరిచి చూస్తే పిల్లలందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ గెంతుతున్నారు. పాట మధ్యలో వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగే చోటు ఉంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో కుర్చీలోంచి ఒక గొంతు వినిపించింది. ముసలావిడ ఒక చెవిలో దూది తీసి చేత్తో పట్టుకుని, ముందుకు వంగి, నిజంగానే ఆదుర్దాగా అడిగింది:

"ఆరలేదా?"

ఆ హాల్లో నా మాట అర్థమైన మనిషి ఒకరున్నారు!

"ఆరలేదు అవ్వా!" అని అరిచాను. ఆ మాట వెంటే ముగ్గురూ మళ్లీ అందుకున్నారు. పిల్లలు అదంతా పాటలో భాగమే అనుకున్నారు. రెండోసారి అదే పాట వాయించమని పట్టుబట్టి, ఆ ఖాళీ చోటు రాగానే అందరూ ముసలావిడ వైపు తిరిగారు. ఆమె సిగ్గుపడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆరలేదా?" అంది. హాలు రేకులు లేచిపోయాయేమో అనిపించింది.

అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమె తాతలు మద్రాసులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లారట.

"మా అమ్మ ఇట్నే అనేది," అంది ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "వాన వస్తే... గుడ్డలు ఆరలేదు, గుడ్డలు ఆరలేదు అని. అమ్మ పోయినాక నాతో తెలుగు మాట్లాడేదానికి ఎవరూ లేరు. పిల్లలకంతా హిందీనే. నువ్వు ఆజీ అనబాకు. అవ్వా అని పిలు."

ఫిజీ అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాళ్ల ఆజీ ఆ భాషలో ఇంత మాట్లాడగలదని వాడికి అప్పటిదాకా తెలీదు.

అక్కణ్నుంచి అవ్వ మా ప్రతి ప్రదర్శనకూ వచ్చింది. దారిలో కారులో నాతో తెలుగు మాట్లాడేది. ఆమె తెలుగులో వంకాయ ఉంది, తట్ట ఉంది, కొడవలి ఉంది, బస్సు లేదు, ఫోను లేదు. లేనివి నేనిచ్చాను. నాకు తెలియని పాత మాటలు ఆమె ఇచ్చింది.

ఎండాకాలం వచ్చాక గరాజ్‌లోనే రికార్డు చేశాం. గోడల నిండా రజాయిలు కొట్టి, తలుపు మూసి, చెమటలు కక్కుతూ. అవ్వ తన ఒక్క మాట కోసం పట్టుచీర కట్టుకుని వచ్చింది. ప్రతిసారీ తొందరపడి మేం ఆగకముందే "ఆరలేదా?" అనేసేది. చివరికి అలాగే ఉంచేశాం. బేకరీ అబ్బాయి రొట్టెలు వేసిచ్చే కాగితపు సంచుల మీద ముద్ర వేసి సీడీలకు కవర్లు తయారుచేశాడు. కొన్ని కవర్లలో పిండి కూడా ఉండేది. కుక్కర్ పెట్టి వినడం మొదలుపెడితే అన్నం ఉడికేలోపు మా పాటలన్నీ అయిపోయేవి.

బ్యాండు ఒక్క ఏడాది కూడా నిలవలేదు. గొడవేం పడలేదు. టీచరమ్మాయికి సొంతవాళ్లుండే గిస్బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. బేకరీ అబ్బాయి ప్రేమించిన అమ్మాయి వెంట మెల్‌బోర్న్ వెళ్తానన్నాడు. నాకు మూడో నెల. అరిచినప్పుడల్లా వాంతి వచ్చేది.

ఆఖరి ప్రదర్శన పాపటోయిటోయిలో, అవ్వ పుట్టినరోజుకు, వాళ్లింటి పెరట్లో. అవ్వే అడిగింది. "భజన వాళ్లు వస్తామన్నారు. వద్దన్నాను. నాకు మీరే కావాల," అంది. టార్పాలిన్ పందిరి కింద చుట్టాలు నిండిపోయారు. ఒక మూల మామయ్యలు చాప మీద కూర్చుని కావా అనే మత్తు వేరురసం గిన్నె చుట్టూ కొబ్బరిచిప్పలు తిప్పుకుంటున్నారు. మేం మొదలుపెట్టగానే సగంమంది చెవులు మూసుకున్నారు, పిల్లలు గెంతారు. ఆ ఇల్లు ఎయిర్‌పోర్టుకు దగ్గర. పాట మధ్యలో విమానం నెత్తిమీంచి పోయింది. నేను తలెత్తి దానికి వినిపించేలా అరిచాను. మామయ్యల్లో ఒకాయన లేచి, "విమానం ఓడిపోయింది!" అని చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత చుట్టాలందరికీ అదో ఆటైపోయింది. విమానం వస్తోందనగానే "దీదీ, వస్తోంది, వస్తోంది!" అని కేకలు. మా పాటలన్నీ అయిపోయాక, విమానాల కోసం ఒకే పాటను ఎన్నిసార్లు వాయించామో గుర్తులేదు. ప్రతిసారీ అవ్వ తన మాట తాను అంది. చివరికి టీచరమ్మాయి చేతిలో కర్ర విరిగిపోతే, అవ్వ వంటింట్లోంచి గరిటె తెచ్చి ఇచ్చింది.

తర్వాత మామూలు బతుకు. అమ్మాయి పుట్టింది. హెండర్సన్‌లో ఇల్లు తీసుకుని మారాం. గొంతు మళ్లీ తగ్గలేదు గానీ, దాని గురించి బాధపడడం మానేశాను. ఆఫీసులో మీటింగు గది అవసరం లేకుండానే నా మాట అందరికీ వినిపిస్తుందని మా మేనేజరే మెచ్చుకున్నాడు. మా ఆయన అప్పుడప్పుడు గిన్నెలు తోముతూ ఉప్పు పాట కూనిరాగం తీసేవాడు. కూనిరాగం తీయడానికి అందులో రాగమంటూ ఏమీ లేదు, అయినా తీసేవాడు. ఇక అంతే అనుకున్నాను.

అమ్మాయికి ఐదేళ్లు వచ్చాక ఒకరోజు ఫిజీ అబ్బాయి ఫోన్ చేశాడు. అప్పటికి వాడికి పెళ్లైంది, గోడౌన్లో పెద్ద పోస్టులో ఉన్నాడు.

"దీదీ, కూర్చుని ఉన్నారా? మన పాట ఎవరో పాడుతున్నారు."

"మన పాటెవరికి తెలుసురా?"

"నాకూ అదే తెలీదు. హైస్కూలు అమ్మాయిలట. శనివారం హెండర్సన్‌లోనే ప్రదర్శన. ఆజీ కూడా వస్తానంటోంది."

అందరం వెళ్లాం. మా అమ్మాయికి చెవులకు మోత తగలకుండా పెద్ద మఫ్లు పెట్టాం. అవ్వ నడక స్టాండు పట్టుకుని వచ్చింది. పట్టపగలు, కమ్యూనిటీ హాలు, నలుగురు అమ్మాయిలు యూనిఫాం లంగాలకే పిన్నీసులు పెట్టుకుని నిలబడ్డారు. పాడే అమ్మాయి సమోవా దీవుల పిల్ల, భుజాలు వెడల్పుగా, జడ నడుం దాకా. ఆమె నోరు తెరిచింది. మాటలు వంకరపోయాయి గానీ, అవి నావే. అవ్వ చోటు రాగానే వెనక నుంచి బేస్ వాయించే అమ్మాయి ముసలిగొంతు పెట్టి ఒక మాట అంది. తొందరపడి, ముందుగానే అంది. అవ్వ తొందరపాటు కూడా వాళ్లు అచ్చం నేర్చుకున్నారు! ఫిజీ అబ్బాయి తల పట్టుకుని పగలబడి నవ్వాడు.

అయ్యాక నేను వెళ్లి పలకరించి, ఆ పాట ఎక్కడిదని అడిగాను.

"తెలీదు," అంది సమోవా పిల్ల. "మా కజిన్‌కు గిస్బర్న్‌లో ఎవరో కాపీ చేసిచ్చారు. పేర్లేం లేవు. మేం విన్నవాటిలో దాన్ని మించింది లేదు."

"దాని అర్థమేంటి?"

ఆమె గంభీరంగా చెప్పింది. అది యుద్ధగీతమట. "బ్యాటిల్, అవర్ లేడీ" అని ఒక సైన్యం తమ రాణిని పిలుస్తుందట. అప్పుడొక ముసలి యోధురాలు "అవర్ లీడర్?" అని ప్రశ్నిస్తుందట. అంటే నాయకులను గుడ్డిగా నమ్మొద్దని భావం. దాని మీద స్కూల్లో వ్యాసం కూడా రాసిందట, మంచి మార్కులొచ్చాయట.

నేను అవ్వకు తెలుగులో చెప్పాను. అవ్వ మొదట అర్థం కాక చూసింది. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి పడి, కళ్లు తుడుచుకుంటూ, కడుపు పట్టుకుంటూ నవ్వింది. "నేను... యోధురాలా!" అంది.

ఆ పిల్లలు మా ముఖాలు చూస్తున్నారు. చెప్పాలా వద్దా అనుకున్నాను. మా ఆయన, పదిమాటలకు ఒకటి మాట్లాడే మనిషి, మెల్లగా ఇంగ్లీషులో అనేశాడు: "ఆ అరిచింది మా ఆవిడే. ఆ ముసలి గొంతు ఈ అవ్వదే. అర్థం, ఉతికిన బట్టలు ఆరలేదని."

బేస్ వాయించే అమ్మాయి గిటారు మెడలోంచి తీసేసింది. వాళ్ల రాణినీ, సైన్యాన్నీ మేం లాగేసుకున్నామని నాకు జాలేసింది. అంతలో సమోవా పిల్ల హాలంతా వినిపించేలా కేక పెట్టింది.

"బట్టలా! మా ఇంట్లో మా అమ్మ రోజూ పెట్టే గోల అదే!"

ఇంక ఆగలేదు. నలుగురూ ఒకేసారి మాట్లాడారు. ఇది ఇంకా బాగుందన్నారు. నిజం పలుకుబడి నేర్పమన్నారు. "ఆ-ర-లే-దు" అని నేను చెబుతుంటే నలుగురూ వరసగా నిలబడి వల్లించారు. మళ్లీ వాయించి, నన్నూ అవ్వనూ మధ్యలో నిలబెట్టారు. మా అమ్మాయి మాత్రం మఫ్లు పట్టుకుని వాళ్ల నాన్న కాళ్ల చాటుకు పోయింది. "మమ్మీ, స్టాప్!" అంది. తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు ఇంగ్లీషులోనే దానిది.

కొన్ని నెలలకు ఆ పిల్లలు మళ్లీ పిలిచారు. ఈసారి పాటలన్నీ సొంతవే, ఎవరి అమ్మ భాషలో వాళ్లవి. ఆ రోజు మా అమ్మాయి మఫ్లు తనే తీసేసి నా చెయ్యి విడిపించుకుని ముందు వరసలోకి దూరింది. సమోవా పిల్ల మెడ నరాలు ఉబ్బేలా ఒకే వాక్యాన్ని పదే పదే అరుస్తోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా గెంతాను. ఊపిరి అందాక దగ్గరికెళ్లి అడిగాను.

"ఏమంటున్నావే?"

"తలుపెయ్యండి, ఈగలొస్తున్నాయి," అంది ఆమె, చెమట తుడుచుకుంటూ.

ఇంటికొచ్చేదాకా కారులో ముగ్గురం ఆ ఈగల వాక్యాన్నే అరుస్తూ వచ్చాం. మా ఇద్దరి నోటా మాటలు వంకరపోయాయి, మా అమ్మాయి ఒక్కతే సమోవా మాటలు సరిగ్గా అరిచింది.